నోరు కట్టుకున్న చెవి డాక్టరమ్మ

మే 5, సోమవారం, ఉదయం 7
ఒట్టు! ఈ పరిశోధన అయ్యేదాకా రోగులు తెచ్చిన తిండి ఒక్క ముద్ద ముట్టను!

చెవిలో చిల్లుపడ్డ పొరకి అతుకు వేసే ఆపరేషన్. మాలాంటి శిక్షణలో ఉన్నవాళ్ళు చేస్తే ఎలా ఉంటోంది, పెద్ద సర్జన్లు చేస్తే ఎలా ఉంటోంది? రోగుల నోటితోనే చెప్పించి మార్కులు వెయ్యాలి. "వాళ్ళు పెట్టింది నములుతూ నా పని ఎలా ఉందని అడిగితే ఎవరు నిజం చెబుతారు, పెలెనతేతే?" అన్నారు నాతో మా పెద్ద సర్జన్ అసియాతా గారు. నిజమే! మా సమోవా రాజధాని ఆపియా మొత్తంలో నా అంత నిజాయితీపరురాలు ఉండదిక!

నర్సు వైమోఆనా అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "తిండి వద్దనేది నువ్వా? చూస్తాగా!"

చూడు అక్కా, చూడు. గురువారం మతాయియా తాత వస్తున్నాడు. ఎవరి సాయం లేకుండా నేను చేసిన మొదటి చెవి ఆయనది. ఊరి పెద్దల తరఫున సభల్లో మాట్లాడే వక్త. వచ్చే నెల మనవడి పెళ్ళిలో అవతలివాళ్ళ వక్త అన్న ప్రతి మాటా విని, మాటకి మాట అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పితే వంశం పరువే పోతుంది. ఆ చెవి పనిచేస్తేనే నా చెయ్యి పనిచేసినట్టు.

మే 6, మంగళవారం
ముగ్గురు వచ్చారు. కొబ్బరిపాలలో ఊరిన బన్నులు తెచ్చారు. వేడివేడివి. ఆ వాసన!!! కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ వద్దన్నాను.
చెవి ఎలా ఉంది? "బాగుంది." వినపడుతోందా? "బాగుంది." మీ పేరు? "బాగుంది."
అందరికీ పూర్తి మార్కులు! నా చెయ్యి బంగారం!

మే 7, బుధవారం
రోగులు వెళ్ళాక బల్ల మీద మిగిలిన కొబ్బరిబొండం తిండి కాదు, నీళ్ళు. లోపలి లేత కొబ్బరి? గట్టిపడ్డ నీళ్ళు. కోకో అన్నంలో అన్నం ఎంతని? గంటెడు. మిగతాదంతా కోకోయే. కోకో తాగేది కదా! ఒట్టు చెక్కుచెదరలేదు.

మే 8, గురువారం
తాత వచ్చాడు! భార్య ఫువాటినో అవ్వ చేతిలో కొబ్బరాకు బుట్ట. అందులో పలుసామి. లేత చేమ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి, చుట్టి కాల్చిన పొట్లాలు. నా ప్రాణం అటే లాగింది.
"వద్దు తాతా. నియమం."
బుట్టని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "మంచిదమ్మా."
"చెవి ఎలా ఉంది?"
"బాగుంది."
"ఒకసారి చూడనా?"
"ఎందుకులే తల్లీ, నీకు బోలెడు పని." లేచి వెళ్ళిపోయాడు!
పూర్తి మార్కులే వేశాను. ఆ బుట్ట పోయిన వైపే చూస్తున్నాను. ఆకలేమో.

మే 9, శుక్రవారం
ఒక్క రోగి రాలేదు. అక్క మొహం ధుమధుమలాడుతోంది. "ఊళ్ళల్లో ఏమంటున్నారో తెలుసా? చెవులు పాడుచేసింది, అందుకే మన చేతి తిండి తినడానికి మొహం చెల్లట్లేదు అంటున్నారు!"
"అందరూ బాగుందనే అన్నారు కదా అక్కా!"
"నువ్వసలు సమోవాలోనే పుట్టావా? మనవాళ్ళు అసలు సంగతి ఎప్పుడు చెబుతారే? తినకముందా, తిన్నాకా?"
తిన్నాక! పెళ్ళి మాటైనా, పొలం తగాదా అయినా, అతిథి చెయ్యి కడిగాకే. తినకముందు ఎవరింట్లోనైనా అంతా బాగానే ఉంటుంది! నా బుర్ర తగలెయ్య! మరి తాత చెవి?

మే 11, ఆదివారం, మధ్యాహ్నం
చర్చి అవగానే తాత ఊరికి పరిగెత్తాను. వేడిరాళ్ళ మీంచి అప్పుడే తీస్తున్నారు, పందిమాంసం, పలుసామి. చాప మీద చతికిలబడ్డాను. "తాతా, ఆకలేస్తోంది."
ఒట్టు తీసి గట్టున పెట్టాను. నాలుగు పొట్లాలు!
తాత నా చేతులు కడిగించి, గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు విను. చెవి కారుతోంది. చాలా రోజులైంది. మీ అవ్వ తిట్టినా వినపడట్లేదు. అదొక్కటే సుఖం."
"కావాల్సినవన్నీ వినపడతాయిలే!" అంది అవ్వ.
లైటు వేసి చూశాను. చీము! మెల్లగా శుభ్రం చేస్తే... పొర ఉంది! అంచున కాస్త లేచింది గానీ బతికే ఉంది! ఇంకొన్నాళ్ళు ఆగితే పోయేది. చుక్కల మందు వేసి, అక్కడే ఏడ్చేశాను. అవ్వ ఇంకో పొట్లం పెట్టింది. అదీ తిన్నాను.
పక్క చాప మీద, చెవి ఆపరేషన్ అయిన ఇద్దరు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మా చెవి కూడా..."

మే 12, సోమవారం
"సార్, నా పూర్తి మార్కులన్నీ అబద్ధం. అందరినీ మళ్ళీ అడగాలి. తిన్నాక."
అసియాతా గారు మార్కుల కాగితాలు తిరగేశారు. "నేను చేసిన చెవులూ ఉన్నాయిగా అందులో?"
"ఉన్నాయి సార్."
"వాటికీ పూర్తి మార్కులేనా?"
"అవును సార్."
ఆయన కుర్చీలో కూలబడ్డారు. "పద. నేనూ వస్తాను తినడానికి."

జూన్ 16, సోమవారం
మొన్న శనివారం పెళ్ళి అయింది. ఈరోజు తాత వచ్చాడు. వట్టి చేతులతో! చెవి పొడిగా ఉంది, పొర అతుక్కుంది. వినపడుతోందా అని అడిగాను.
"బాగుంది."
గతుక్కుమన్నాను. ఇది ఏ బాగుంది? తిన్నాక బాగుందా, తినకముందు బాగుందా? నా మధ్యాహ్నం డబ్బా తీసి ముందు పెట్టాను. "తిను తాతా!" మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను.
మూతి తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళ వక్త మా వంశంలో రెండు తరాల పేర్లు గొణిగి మింగేశాడు. విన్నాను. అక్కడికక్కడే పట్టుకున్నాను! సభంతా చప్పట్లు!"
నేను ఎగిరి గంతేశాను.
"ఆగు, ఇంకా ఉంది." తాత డబ్బా మూతపెట్టి నా వైపు తోశాడు. "నీ వంట నోట పెట్టలేం తల్లీ."
పూర్తి మార్కులు! నిజమైనవి!
ఒట్టు! రేపటి నుంచి ఒక్కో రోగి దగ్గర ఒక్క పొట్లమే తింటాను.