నాన్న రీలుకు నేను పెట్టిన బొట్టు

శ్రావణ గురువారం, 2014

నాన్న హరికథ రీలును తమ్ముడు విజయనగరంలో టేపు మెకానిక్‌కు చూపించాడు, నేనూ వెళ్లాను. నాన్న గొంతు ఆ ఒక్క రీలులోనే ఉంది. మిషన్ మీద పెట్టగానే కీచుమని అరిచి, ఒక పద్యం కాగానే టేపు అంటుకుపోయి ఆగిపోయింది.

"ఏటమ్మా, దీని మీద నీళ్లేటైనా పడ్డాయేటి? ఒట్టి సెమ్మయితే ఆరబెట్టి రేపు మళ్లీ తిప్పుతాను. ఇంకేటైనా అంటుకునుంటే ముందు తుడవాల, లేపోతే పైపొర ఊడొచ్చేస్తాది" అన్నాడాయన.

"లేదు బాబూ" అన్నాను.

"దేవుడి గదిలో ఉన్నాది గురూ. మా అక్క రోజూ కళ్లకద్దుకుంటాది, దాని మీద ఈగని కూడా వాలనివ్వదు" అని తమ్ముడు నవ్వాడు.

ప్రతి శుక్రవారం ఆ రీలుకు పసుపునీళ్లు చిలకరించి బొట్టు పెట్టింది నేనే. అందులో నాన్న ఉన్నాడనుకున్నాను. శుభ్రంగా ఉండాలని పొద్దున్న మరకలన్నీ తుడిచి ఇచ్చాను. తమ్ముడు అలా నవ్వాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. రేపు షాపు తెరవగానే ఆయన దాన్ని తిప్పేస్తాడు. తమ్ముడికి ఇప్పుడే చెప్పాలి. నంబరు నొక్కుతున్నాను, మోగకముందే ఆపేస్తున్నాను...