ముందు బండి, వెనక సీటు

చిన్నారి చెల్లికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనొక్కదాన్నే, అయినా ఉత్తరం మొదలుపెడితే చెయ్యి అలాగే రాసేస్తోంది. మీరంతా కులాసా అని తలుస్తాను. మరిదిగారి నడుంనొప్పి తగ్గిందా? పాప పళ్ళకి క్లిప్పులు వేయించారా?

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాలేంటే అక్కా అని అడిగావు. ఫోన్లో అయితే నువ్వు సగంలోనే ఏడుస్తావు, నేను సగంలోనే అబద్ధమాడతాను. కాగితం మీద ఇద్దరికీ కాస్త నిదానం.

వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను తల్లీ. ఆసుపత్రి లాండ్రీలో పని మామూలే. దుప్పట్లు ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెడతాం కదా, నాతో మడతపెట్టే ఆవిడ రాని రోజు ఓ కొస తలుపు గడియకి తగిలించి కానిచ్చేస్తున్నాను. గడియే నయం, అత్తగారి మీద చాడీలు చెప్పదు. ఇంట్లోనే కష్టంగా ఉంది. సాయంత్రం తాళం తీస్తే, పొద్దున నేను పెట్టిన చోటే ఉంటుంది గ్లాసు. దాన్ని చూస్తే ఏడుపొస్తుందే.

ఇక నీ అసలు ప్రశ్న. "ఆ మోటార్ సైకిళ్ళ ర్యాలీకి వెళ్ళి ఏం బావుకుంటావు? బండి అమ్మేసి హాయిగా ఉండరాదూ?" అని. నీకు పూర్తిగా చెప్పలేదు. మీ బావ వాళ్ళ పాతబండ్ల సంఘంలో ఓ ఆనవాయితీ ఉంది. ఏటా జరిగే ర్యాలీలో, ఆ ఏడు పోయిన సభ్యుడి బండి అందరికంటే ముందు నడవాలి. మిగతావాళ్ళెవరూ దాన్ని దాటకూడదు. ఈసారి అది మన బండే. సంఘం పెద్దాయన వచ్చి, "బండి పంపించమ్మా, మా మెకానిక్ నడుపుతాడు" అన్నాడు. బండి పంపమన్నాడే గానీ, నన్ను రమ్మని మాటవరసకైనా అనలేదే! ఇరవయ్యేళ్ళు ఆ వెనక సీట్లో కూర్చున్నది ఎవరనుకున్నాడో. ఒళ్ళు మండి, ఆలోచించి చెబుతానన్నాను.

మీ బావకి కుడీ ఎడమా తెలిసేది కాదని నీకు తెలుసుగా. నేను వెంట లేకపోబట్టి, నీ పెళ్ళికని బయల్దేరి ఇంకెవరి పెళ్ళిలోనో భోజనానికి కూర్చున్న మనిషి! అందుకే మలుపు దగ్గర నేను ఏ భుజం మీద తడితే అటు తిప్పేవారు. బండి ఆయన నడిపేవారు, ఆయన్ని నేను నడిపేదాన్ని. ఒక్క నీళ్ళ ట్యాంకు దగ్గర మాత్రం నా మాట చెల్లేది కాదు. కుడి భుజం విరిగేలా కొట్టినా ఎడమకే తిప్పి, "ఇది దగ్గర దారే!" అనేవారు. ఆ దారి మూతపడ్డ మిల్లు గోడ దాకా పోయి ఆగిపోతుంది. ప్రతి ర్యాలీలోనూ ఇదే తంతు. ఆ గోడ పక్కన కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగి, తిట్టుకుని, నవ్వుకుని వెనక్కి తిరిగేవాళ్ళం. మేం చేరేసరికి ర్యాలీ ముగిసేచోట కుర్చీలు ఎత్తేస్తుండేవాళ్ళు.

మొన్న మెకానిక్ బండి చూడ్డానికొచ్చాడు. చూస్తే ముందు సీటు మీద దట్టంగా దుమ్ము, వెనక సీటు మాత్రం అద్దంలా ఉంది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. "ఆర్నెల్లుగా కదలని బండి ఇలా ఎలా ఉందక్కా?" అన్నాడు. ఏమో బాబూ అన్నాను. అతను ముందు సీటు తుడవబోతే "ముట్టుకోకు!" అని అరిచేశాను. పాపం, బిక్కచచ్చిపోయాడు.

నీ దగ్గర దాపరికం ఎందుకు. రోజూ పని నుంచి రాగానే, వరండాలో స్టాండు మీదున్న బండిని స్టార్ట్ చేసి వెనక సీటెక్కి కూర్చుంటున్నానే. ఎక్కడికీ పోను. ఆ చప్పుడు వింటుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది. ముందు సీటు ఎలా తుడవను? ఆయన లేచి వెళ్ళాక అక్కడ ఇంకెవరూ కూర్చోలేదని చెప్పేది ఆ దుమ్మొక్కటే. పిచ్చిదాన్ననుకో, పర్లేదు.

మెకానిక్‌కి అర్థమైనట్టుంది. నిన్న మళ్ళీ వచ్చి, "నువ్వూ ఎక్కక్కా, ఓ చుట్టు తిరిగొద్దాం" అన్నాడు. దుమ్ము నేనే తుడిచాను. మొదటి మలుపు దగ్గర నా చెయ్యి దానంతటదే లేచింది. తట్టేలోపే అతను తిప్పేశాడు. రెండో మలుపూ అంతే. అతనికి దారులన్నీ తెలుసు చెల్లీ! ఆయన పోయిన రోజు కూడా నేనింత ఒంటరిదాన్నని అనిపించలేదు. ఆపు, దిగిపోతానన్నాను.

ఆపాడు. కాసేపు తల గోక్కున్నాడు. "అక్కా, నాకు దారి తెలీదనుకో. నువ్వు ఎటు తడితే అటే తిప్పుతా, ఒట్టు" అన్నాడు.

కాబట్టి ర్యాలీకి వెళ్తున్నాను. పెద్దాయన పిలవకపోతే పోయాడు. ఇంకో మాట, మరిదిగారితో కూడా అనకు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మీ బావ బుద్ధి పుడకలతోనూ పోలేదు, నాకు అంటుకుంది. నీళ్ళ ట్యాంకు దగ్గర నేను ఎడమ భుజమే తడతాను. ముందు బండిని ఎవరూ దాటకూడదు కదా, బండ్లన్నీ బారులు తీరి మిల్లు గోడ దగ్గరికి రావాల్సిందే. అందుకే ఈసారి పెద్ద ఫ్లాస్కు కొన్నాను.

ఇట్లు,
వెనక సీటు వదలని
మీ అక్క