లోపలి గడియ

అక్కా, నేను క్షేమం. ముందు ఆ మాట చదివి అన్నం తిను. ఇక్కడ పని అయ్యాక పనివాళ్లందర్నీ గదిలో పెట్టి బయట గడియ వేస్తున్నారని నేను రాసినప్పటి నుంచి నీకు ముద్ద దిగడం లేదని బావ రాశాడు. ఇక ఆ బెంగ వద్దు.

మొన్న మా గదిలో పొయ్యి దగ్గర గుడ్డ అంటుకుంది. మంట మేమే ఆర్పాం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాపలాదారు వచ్చి తలుపు తీసేదాకా పొగలోనే ఉన్నాం. ‘గడియ లేకపోతే మీరు పారిపోరూ?’ అన్నాడు మేస్త్రి. తెల్లారి అందరం పని మానేసి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాం. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి చూసి, మనుషుల మీద గడియ వేయడం నేరమని మేస్త్రికి ముఖం మీదే చెప్పింది. వడ్రంగిని నేనే కదా, ఆమె ఎదుటే దాన్ని ఊడదీసి లోపలి వైపు బిగించాను.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ అందరం తయారై తలుపు దగ్గర నిలబడ్డాం. ఎంతకీ ఎవరూ తీయరు. చివరికి బయటి నుంచి కాపలాదారు అరిచాడు: ‘ఏమయ్యా పెళ్లివారూ, గడియ మీ దగ్గర పెట్టుకుని బొట్టు పెట్టి పిలవాలా?’ నవ్వలేక చచ్చాం.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉలి ఎవరికీ అరువివ్వకు. తాతయ్య మతిమరుపుతో బయటికెళ్లి దారి తప్పుతున్నాడని ఆయన గదికి బయట గడియ పెట్టిస్తానన్నావు. వద్దక్కా. గుమ్మంలో ఎవరో ఒకరు మంచం వేసుకోండి. ఆయనకి నా దండాలు చెప్పు, తలుపు తెరిచి పెట్టి చెప్పు.

నీ తమ్ముడు