పాప చెవి మిషన్లు

ఆదివారం

ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి బయలుదేరేముందు పాప చెవుల్లోంచి మిషన్లు తీసి దాచేశాను. చుట్టాలు చూస్తారని సిగ్గేసింది. అక్కడ సూరిబాబు మావయ్య కనిపించారు. ఆ మిషన్ల కోసం నెల్లిమర్ల మిల్లులో అందరినీ అడిగి చందాలు పోగుచేసింది ఆయనే.

"ఒసే బుల్లీ, ఇలారాయే!" అని పిలిచారు. పాప పలకలేదు.

"మిషన్లేవే కోడలిపిల్లా? పాడైపోనాయేటి?"

"బ్యాటరీలు అయిపోనాయి మావయ్యా."

"ఫోన్ సేస్తే నాను తెద్దును కదే! మళ్లీ అడగడానికి మొగమాటమేటి?"

ఆయన పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెవి దగ్గర గట్టిగట్టిగా కబుర్లు చెప్పారు. చుట్టాలంతా అటే చూశారు. పాపకి మాత్రం ఏమీ వినపడక, ఆయన నోటివంకే చూస్తూ నవ్వింది.

అప్పుడైనా తీసి పెట్టలేకపోయాను. మిషన్లు నా చేతిసంచిలోనే ఉన్నాయి మరి…