గరిటె ప్లాటు

మార్చి 3, మంగళవారం

పొద్దున పాలగిన్నె అంచుకి తెల్ల వెంట్రుక అంటుకుని ఉంది. పొడుగ్గా, ఉంగరాలు తిరిగి ఉంది. మనిషిది కాదు. పాలన్నీ సింకులో ఒంపేశాను.

ఇంటి ముందు ఖాళీలో రేకుల షెడ్డు వేసుకుని ఆడపడుచు కుక్కలకు స్నానాలు చేయిస్తుంది, జుట్టు కత్తిరిస్తుంది, గోళ్ళు తీస్తుంది. కాపురం వద్దనుకుని వచ్చేసినప్పటి నుంచి అదే ఆమె బతుకుతెరువు. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎన్ని తెరలు కట్టినా ఆ వెంట్రుకలు ఎగిరొచ్చి నా వంటింట్లోనే వాలతాయి.

గిన్నె తీసుకెళ్ళి చూపించాను. వదినా, ఇది చాలా మంచి కుటుంబం కుక్క, నీకంటే ఖరీదైన షాంపూ వాడుతుంది అంది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 5, గురువారం

ఇంజినీరుగారింట్లో మీటింగ్. సందు మొదట్లో ఉన్న ఇల్లు ఆయనది. రిటైరయ్యాక ఏదో ఒకటి నడపకపోతే ఆయనకి తోచదు, అందుకని మమ్మల్ని నడుపుతున్నాడు. సందులో ఉన్న అయిదిళ్ళ వాళ్ళమూ వెళ్ళాం.

సందుని ప్రైవేటు స్ట్రీట్‌గా, అంటే మన అయిదిళ్ళ సొంత వీధిగా రాయించుకుందాం అన్నాడు. ఇప్పుడిది ఊరి వీధి కాబట్టి ఇంటి ముందు బోలెడంత ఖాళీ జాగా సెట్‌బ్యాక్ అని వదలాలిట. ప్రైవేటు అయితే అందులో సగం వదిలితే చాలట, మిగతా సగంలో తలా ఒక గది వేసుకోవచ్చట. మన సందులో మనమే అద్దెకున్నవాళ్ళలా ఒదిగి ఒదిగి బతకడం ఏమిటండీ అన్నాడు. పళ్ళ డాక్టరు భార్య అప్పుడే సందుకి పెట్టబోయే గేటుకి రంగు కూడా ఎంచేసింది. గది అనే మాట వినగానే అందరి మొహాలూ పెళ్ళి భోజనానికి పిలుపు అందినట్టు వెలిగిపోయాయి. చూడబుద్ధి కాలేదు.

మా ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. అదే నాకు అనుమానం.

మార్చి 9, సోమవారం

ఆయన ఈల వేస్తున్నారు. పెళ్ళయ్యాక ఇది రెండోసారి. మొదటిసారి కారు కొన్నప్పుడు.

మార్చి 15, ఆదివారం

ఈల ఎందుకో తెలిసింది.

మా స్థలం గరిటె ఆకారంలో ఉంటుంది. సందు చివర రెండిళ్ళ మధ్య నుంచి కాడలా దారి, దాని కొసన గిన్నెలా వెడల్పు జాగా, అందులో ఇల్లు. వీధి వైపు కాడ కొన తప్ప మరేమీ లేదు కాబట్టి మా ఇంటి మీద మేడ వేయడానికి పర్మిషన్ రాదు. ఎన్నో ఏళ్ళుగా ఆయన గుండెల్లో అదొక ముల్లు.

ఇప్పుడు సందు ప్రైవేటు స్ట్రీట్ కావాలంటే దాని చివర ఫైరింజన్ వచ్చి గుండ్రంగా తిరిగి వెళ్ళేంత జాగా చూపించాలిట. అది ఉన్నది మా ఇంటి ముందు మాత్రమే. కాడనీ, గిన్నెలో ముందు భాగాన్నీ సందులో కలిపేస్తారు. అప్పుడు మా ఇంటి ముఖమంతా వీధిలో ఉన్నట్టే, మేడ వేసుకోవచ్చు. అయిదిళ్ళకీ లాభమే కదా అన్నారు ఆయన.

ఆ ముందు భాగంలోనే కదా షెడ్డు ఉంది అన్నాను.

ఉంటే తీసేద్దాం, రేకులే కదా అన్నారు. ఆమె ఎక్కడ పని చేసుకుంటుంది అని అడిగాను. దానికాయన అన్న మాట రాయాలంటే చెయ్యి రావడం లేదు. రోజూ వెంట్రుకలు వెంట్రుకలు అంటూ ప్రాణం తీసేదానివి నువ్వే కదా, నీ కోసమే అనుకో అన్నారు.

నా కోసమట! నేను కసిరిన కసుర్లన్నీ పోగు చేసి పెట్టుకుని ఈరోజు నా చేతిలోనే పెట్టాడు మనిషి. అన్నం కలిపిన చేత్తో అలాగే కూర్చుండిపోయాను. ఆయన మారు వడ్డించుకున్నారు.

మార్చి 16, సోమవారం

ప్లానింగ్ ఆఫీసుకి నేనే వెళ్ళాను. ఇల్లు ఆయన పేరు మీద ఉంది, నా సంతకంతో పని లేదు. అయినా సంగతేమిటో నా చెవులతో నేను వినాలి.

కౌంటర్ దగ్గర ఉన్నతను అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. కుట్టిన ప్రతిసారీ పుల్ల వైపు ఒకసారి చూసుకుంటున్నాడు. ప్లాటు ఏ ఆకారం అన్నాడు. గరిటె అన్నాను. అందరూ అర్థం కాని మాటలు రాసుకొస్తారు, మీ మాటతో బొమ్మ కళ్ళకి కట్టిందమ్మా అని నవ్వాడు.

చెప్పిందైతే వివరంగానే చెప్పాడు. ఫైరింజన్ నిజంగా లోపలికి వచ్చి, తిరిగి, బయటికి వెళ్ళి చూపిస్తేనే పర్మిషన్. ఆ రోజుకి జాగా ఖాళీగా ఉండాలి. షెడ్డు పక్కకి జరుపుకోవచ్చా అని అడిగాను. కుదరదు. ఆ షెడ్డు ఈ రూల్స్ రాకముందుది కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకున్నారట. ఒకసారి తీసేస్తే మళ్ళీ ఎక్కడా వేయనివ్వరు. ముందూ వద్దు, పక్కనా వద్దు, వెనకా వద్దు.

మరి ఆమె పనో అన్నాను. కొత్తగా ఏదీ కట్టకండి, ఉన్న ఇంట్లో మీరు కుక్కనే కడుక్కుంటారో, కారునే కడుక్కుంటారో మాకెందుకమ్మా అన్నాడు. పుల్ల చెవిలో దోపుకున్నాడు.

ఇంటికొచ్చి తల స్నానం చేశాను. తీసేస్తే మళ్ళీ వేయనివ్వరట అని ఆయనతో చెప్పాను. తెలుసు అన్నారు.

తెలుసట!

మార్చి 22, ఆదివారం

పర్మిషన్ ఇంకా రాలేదు, మనుషులు మాత్రం ఆగడం లేదు. ఇంజినీరుగారు సందులోకి పాలరాతి మెట్లు దింపించాడు. ఎలాగూ మనదయ్యేదే కదండీ అన్నాడు. ఎదురుగా పళ్ళ డాక్టరు పూలకి గట్టు కట్టించాడు. వాళ్ళ మెట్లు వస్తే మా గట్టు రాకూడదా అంది ఆయన భార్య. ఆ పక్కింటివాళ్ళు గట్టు చూసి జనరేటరు తెచ్చి పెట్టారు. దాని పక్కవాళ్ళకి ఏమీ తోచలేదు కాబోలు, చెప్పుల బీరువా ఒకటి బయట పెట్టి తాళం వేశారు.

కూరగాయల బండి మనిషి ఆ ఇరుకులోకి రానని సందు మొదట్లోనే నిలబడి కేకేశాడు. వెళ్ళి తెచ్చుకున్నాను. వస్తూ వస్తూ మెట్ల అంచు కాలికి కొట్టుకుని గోరు లేచింది. చూసుకుని నడవాలమ్మా, కొత్త రాయి అని ఇంజినీరుగారు పైనుంచి జాలి పడ్డాడు. ఛీ.

మార్చి 28, శనివారం

చెల్లెలికి చెప్పే ధైర్యం ఆయనకి లేదు. వదినవి, నువ్వు చెబితే సున్నితంగా ఉంటుంది అన్నారు. మీ చెల్లెలు, మీ మేడ, మీరే చెప్పండి అన్నాను.

చివరికి సాయంత్రం కాఫీ తాగుతూ చెప్పారు. ఊరు పెరుగుతోందనీ, అందరూ సర్దుకుపోవాలనీ, మేడ మీద ఒక మూల నీకూ ఉంటుందనీ. ఆమె అంతా విన్నది. అన్నయ్యా, కుక్కలు మెట్లెక్కడానికి భయపడతాయిరా అంది. అంతే. కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

హమ్మయ్య, బాగానే తీసుకుంది అన్నారు ఆయన. ఆ మొహం చూసి నా కప్పులో మిగిలిన కాఫీ తాగలేకపోయాను.

ఏప్రిల్ 2, గురువారం

షెడ్డు విప్పడానికి ఆడపడుచు కూలివాళ్ళని పిలవనివ్వలేదు. తనే నిచ్చెన వేసుకుని రేకుల బోల్టులు విప్పింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఒకసారి పైనుంచి, గట్టిగా పట్టుకో వదినా, నేను పడితే నీకు మనిషి వెంట్రుకలు కూడా ఏరే పని పడుతుంది అంది. అప్పుడు నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది.

మధ్యాహ్నం ఒక ముసలి కుక్కని తీసుకొచ్చారు. ఇక్కడ ఇంక చేయడం లేదని చెప్పింది. అది కదలదు. స్నానం తొట్టె ఉండే చోటు వాసన చూసి, అక్కడే ముడుచుకుని పడుకుంది. దాని యజమాని చంకనెత్తుకుని పోవాల్సి వచ్చింది.

రేకుల్ని ఆయన వెంటనే పాత ఇనపసామాన్లవాడికి ఇచ్చేశారు. ఇంట్లో అడ్డమట.

ఏప్రిల్ 5, ఆదివారం

వంటిల్లు అద్దంలా ఉంది. ఎక్కడా ఒక్క వెంట్రుక లేదు. అందులో ఉండబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 7, మంగళవారం, ఉదయం

ఆయన చీపురు పట్టుకుని ఇంటి ముందు ఊడుస్తున్నారు. ఆయనకి చీపురు పట్టుకోవడం వచ్చని నాకింతవరకూ తెలియదు.

సాయంత్రం

ఫైరింజన్ వచ్చింది. ఎర్రగా, పెద్దగా, మా సందు మొదట్లో నిలబడింది. అక్కడే నిలబడిపోయింది.

ఒక పక్క పాలరాతి మెట్లు, ఇంకో పక్క పూలగట్టు. మా కారే అద్దాలు మడుచుకుని దూరే సందులో చోటు ఇంజన్‌కి ఎక్కడిది? ఫైరాఫీసరు దిగి అటూ ఇటూ చూసి, ఇవి తీస్తారా అన్నాడు. ముందు వాళ్ళ గట్టు తీయమనండి అన్నాడు ఇంజినీరుగారు. మెట్లు వచ్చాకే కదా గట్టు కట్టింది, ముందొచ్చిందే ముందు పోవాలి అంది డాక్టరు భార్య. జనరేటరువాళ్ళు లోపలి నుంచి తలుపు వేసుకున్నారు. చెప్పుల బీరువా తాళం చెవి కనబడలేదట.

ఇంజినీరుగారు చొక్కా సర్దుకుని, సార్, ఇంతకంటే చిన్న ఇంజన్ తెప్పించడానికి వీలవుతుందా అని అడిగాడు. తప్పకుండా సార్, మీరు మంట కూడా చిన్నది తెప్పించుకోండి అన్నాడు ఆఫీసరు. డ్రైవరు స్టీరింగ్ మీద పడి నవ్వాడు.

ఒక గంట వాదించుకున్నారు. ఒక్కరూ ఒక్క రాయి కదపలేదు. ప్రైవేటు స్ట్రీట్ లేదు, ఏమీ లేదు, ఇది ఊరి వీధే, ఇందులో పెట్టినవన్నీ తీసేయమని నోటీసు వస్తుంది అని చెప్పి ఆఫీసరు ఇంజన్ ఎక్కాడు. అది రివర్సులోనే వెళ్ళిపోయింది. మా ఇంటి దాకా రానే లేదు. ఊడ్చిన జాగా ఊడ్చినట్టే ఉంది.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నాకు అందరి మీదా రోత పుట్టింది. మెట్ల మీద, గట్టు మీద, ఖాళీ జాగా చూసుకుంటూ నిలబడ్డ ఈయన మీద. అందరికంటే ఎక్కువగా, ఒక్క వెంట్రుక కోసం పాలగిన్నె మోసుకెళ్ళి చూపించిన నా మీద.

రాత్రి భోజనాల దగ్గర, పోనీలే, షెడ్డు మళ్ళీ వేసుకోమందాం అన్నారు. వేయనివ్వరని మీకు తెలుసు కదా అన్నాను. ఆ పూట ఆయన మారు అడగలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

పొద్దున్నే కారు తాళాలు ఆయన చేతిలో పెట్టి, పోర్టికోలోంచి బయటికి తీయండి అన్నాను. ఎక్కడికి అన్నారు. పెద్ద రోడ్డు మీదికి. మరి ఎండా వానా అన్నారు. అది కారు, తట్టుకుంటుంది అన్నాను.

పోర్టికోకి గోడ ఉంది, కప్పు ఉంది, కుళాయి ఉంది. ఇంట్లో భాగమే, కొత్తగా కట్టింది కాదు. అక్కడ ఏం కడుక్కుంటామో ఎవరికీ అక్కర్లేదని ఆ పళ్ళు కుట్టుకునేవాడే చెప్పాడు. ఆడపడుచూ నేనూ కలిసి తొట్టె ఈడ్చుకొచ్చి పెట్టాం. నా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా. ఆలోచించుకో వదినా, ఇంతకుముందు గాలికి ఎగిరొచ్చేవి, ఇప్పుడు నడిచే వస్తాయి అంది. రానీ అన్నాను.

ఆయన పెద్ద రోడ్డు మీద కారు పక్కన చాలాసేపు నిలబడ్డారు. ఈల వినబడలేదు.

ఏప్రిల్ 19, ఆదివారం

మెట్లకి నోటీసు వచ్చింది. పాలరాయి కొట్టేస్తున్న చప్పుడు వింటూ రెండో కాఫీ తాగాను.

మే 1, శుక్రవారం

ఈరోజు ఫైర్ స్టేషన్ వాళ్ళ కుక్క వచ్చింది. డ్రైవరే తీసుకొచ్చాడు. సందులో నడిచి వచ్చింది, పోర్టికోలో గుండ్రంగా తిరిగింది, పడుకుంది. పాలగిన్నె మీద నల్ల వెంట్రుక. తీసి పారేసి, పాలు కాచాను.