నడుం కింద ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయడం. ఇక్కడ అందరం క్షేమం. మీ బావకు దగ్గు తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. నీ నడుం తప్ప అక్కడ అంతా బాగున్నారని రాశావు. సంతోషించాలో, కోప్పడాలో తెలియలేదు.

వచ్చే నెల దేహ పరీక్షలో నెగ్గకపోతే నిన్ను ఫైరింజన్ దింపి ఫోన్ల దగ్గర కూర్చోబెడతారన్నావు. ఇరవై రెండేళ్లు నిచ్చెనలెక్కినవాడివి. ఆ బెంగ నాకు తెలుసు. దానికని మంచం కింద పాదాలు ఇరికించి, చేతులతో మెడ లాక్కుంటూ రోజుకు వందసార్లు లేస్తావా? పొట్ట తగ్గేలోపు నడుం పోతుందిరా.

"రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చుంటావు, నీకు నడుం నొప్పి రాదేమక్కా?" అని మళ్లీ అడిగావు. పోయినసారి దేవుడి దయ అని రాసి ఊరుకున్నాను. అబద్ధం కాదు. సగం నిజం.

మిగతా సగం నీకొక్కడికే. రెండేళ్ల కిందట నాకూ నా పొట్ట మీద కోపం వచ్చింది. ప్రార్థన గది తలుపు వేసుకుని, వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తి దించడం మొదలుపెట్టాను. నాలుగోరోజు నడుం నేల మీంచి విల్లులా లేచి పట్టేసింది. కదల్లేను. బయట కోడలు మావాడితో అంటోంది: "ష్, చప్పుడు చెయ్యకండి. అత్తయ్య ధ్యానంలో ఉన్నారు." గంటసేపు ఇల్లంతా మునివేళ్ల మీద నడిచింది. ఆ గంటా నేను ప్రార్థించిన మాట మాత్రం నిజం.

చివరికి కోడలినే పిలిచాను.

"అత్తయ్యా! ఇదేం ధ్యానం, తిరగబడ్డ బొద్దింకలాగా?"

కోడలు ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే పిల్ల కదా. ముందు లేపింది, తర్వాత నవ్వింది, నొప్పి తగ్గాక నేర్పింది. ఇప్పుడు ఇద్దరం కలిసే తలుపు వేసుకుంటాం. కోడలికి భక్తి కుదిరిందని మీ బావ మురిసిపోతున్నారు. నువ్వు నోరు జారకు.

ముందు డాక్టరుకు చూపించుకో. నొప్పి తగ్గేదాకా ఆ వందా మానెయ్యి. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడుచు. ఈ ఉత్తరం మడిచి నడుం కింద పెట్టుకో. ఊపిరి వదులుతూ, పొట్ట బిగించి, నడుముతో ఉత్తరాన్ని నేలకు అదుము. ఒక్కొక్క కాలే ఎత్తి, నెమ్మదిగా దించు. మరదలిని ఉత్తరం కొస పట్టుకుని లాగమను. ఊడి వచ్చిందంటే నడుం లేచినట్టే. ఆ పూటకు ఆపెయ్యి. ఎనిమిదిసార్లు చేసినా చాలు.

నా నడుం కింద ఇన్నాళ్లూ ఉన్నవి నీ ఉత్తరాలే. కోడలు ఎంత లాగినా ఒక్కటీ రాలేదు. మొన్నటిది మాత్రం ఒక్క పేజీ, మరీ పలచన, జారి వచ్చేసింది. ఈసారి నాలుగు పేజీలు రాయి.

పరీక్ష రోజు పొద్దున కూడా తలుపు వేసుకుంటాను. ఆ రోజు వ్యాయామం ఉండదు.

ఇట్లు,
నీ నడుం బాగుండాలని కోరే
పెద్దక్క