జిగురు విడిచిన పట్టు

గద్వాల,
18 ఆగస్టు 2006

గౌరవనీయులైన ఉమ మేడం గారికి,

గద్వాలలో పట్టు ఉడకబెట్టే హసీనా సలాములతో రాస్తున్న ఉత్తరం. మీరూ, వనపర్తిలో మీ అమ్మగారూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాను. మా ఇంట్లో నేనూ, మా ఆయన బాసిత్, పిల్లలూ కులాసాగానే ఉన్నాం. ఈసారి వానలు బాగా పడ్డాయి. రంగులేసిన పట్టు ఆరక ఇంటినిండా దండేలే.

మీ ఆచూకీ అనుకోకుండా దొరికింది. మా అక్క కూతురు షబానా నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ చదువుతోంది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు, "మా కెమిస్ట్రీ మేడం గద్వాల చీర గురించి చెప్పింది ఖాలా. పట్టు మీది జిగురును తినే సూక్ష్మజీవులు మట్టిలనే ఉంటయంట" అన్నది. నేను చేతిలో పని వదిలేసి ఆమె పేరేంది అని అడిగాను. మీ పేరే చెప్పింది. మీరు హైదరాబాదులో ల్యాబులోనే ఉన్నారనుకుంటూ వచ్చాను. పరిశోధన వదిలేసి ఏడాదికి పైగా అక్కడ పాఠాలు చెబుతున్నారని అప్పుడే తెలిసింది. పాఠాలు చెప్పడం చిన్న పనని అనడం లేదు. కానీ మీరు ఎంత ఆశతో మా వాడకు వచ్చేవారో నేను చూశాను కదా.

మొదటిసారి వచ్చిన రోజు మీరు పట్టు వంక చూడనే లేదు. నేరుగా పట్టు ఉడకబెట్టే మా కొట్టం వెనక్కి పోయారు. మా అత్త కాలం నుంచి పట్టు ఉడికించి జిగురు తీసిన నీళ్లు పారబోసే చోటు అది, ముక్కు మూసుకోనిదే నిలబడలేం. మీరు అక్కడ గొంతుక్కూర్చుని చిన్న చెంచాతో బురద తీసి సీసాల్లో నింపుకున్నారు. నాతో పనిచేసే జోగులమ్మ నవ్వి, "ఇంత దూరం బురద కోసమా వచ్చింది గీ పిల్ల" అన్నది. మీరు కోపం తెచ్చుకోలేదు. ముప్పై ఏళ్లుగా పట్టు జిగురు తిని బతికిన సూక్ష్మజీవులు ఆ బురదలో ఉంటాయనీ, వాటి నుంచి ఎంజైమ్ అనే పదార్థం తీయవచ్చనీ, అది జిగురునే కోస్తుంది తప్ప పట్టు పోగును ముట్టదనీ మాకు అర్థమయ్యేలా చెప్పారు. తర్వాత నా చేతులు పట్టుకుని తిప్పి చూశారు. సోడా నీళ్లలో నాని నాని తెల్లబడి, గోళ్ల పక్కన పగిలిన చేతులు. "దీనితో అయితే సోడా అక్కర్లేదక్కా, నీళ్లు మరగనక్కర్లేదు" అన్నారు. నా చేతుల గురించి అడిగిన చదువుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

ఏడాది తర్వాత, పోయినేడు ఫిబ్రవరిలో, మీరు ఆ ఎంజైమ్‌ను పొడి చేసి డబ్బాలో తెచ్చారు. మాకు పట్టు ఇచ్చే షావుకారును ఒప్పించి నాలుగు కిలోల పట్టు తీసుకున్నారు. ఆ పట్టు లింగయ్య మగ్గానికి చేరాక ఏమైందో మీకు తెలుసు. మెరుపు లేదు, నూగు లేచినట్టు తయారైంది. జానెడు నేయకముందే పోగులు తెగాయి. షావుకారు మా కొట్టం ముందు పదిమందిని పోగుచేసి, "చదువుకున్నోళ్లు నేర్చుకునేటందుకు మా పట్టే దొరికిందా" అన్నాడు. లింగయ్య తెగిన పోగులను అరచేతిలో పెట్టి మీకు చూపించాడు. మీరు వాటినే చూస్తూ, తప్పు నాదే అన్నారు. ఆ ఒక్క మాట అని బస్సెక్కి పోయారు. మళ్లీ రాలేదు. గద్వాలలో చెడిపోయిందని ల్యాబులో మీ సార్ ఆ పనే ఆపేయించాడని తర్వాత విన్నాం.

కంగారులో మీరు ఆ పొడి డబ్బా (మేం దాన్ని మందు అంటాం), మీ చేతిరాత కాగితం మా అలమరలో వదిలేసి పోయారు. చల్లగా ఉంచాలని మూత మీద రాసి ఉంది. నేను దాన్ని తడి ఇసుక పోసిన కుండలో పెట్టి, రోజూ నీళ్లు చల్లాను. మీ మందులో తప్పు లేదని నాకు ఎందుకో అనిపించింది. ఈ వానాకాలం మొదట్లో బాసిత్ రాయచూరు పోయిన రోజు, జోగులమ్మను తోడు పెట్టుకుని ఒక్క చిలప, అంటే ఒక చుట్ట పట్టు దారం, కాగితంలో రాసినట్టే వేశాను. వేడి కొలిచే గాజుపుల్ల మీతోనే పోయింది. అందుకని వేళ్లు ముంచి చూశాను. రెండు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగి, మూడో లెక్కకు చెయ్యి తీసేయాల్సి వస్తే అదే సరైన వేడి. అది పట్టుబడేదాకా నాలుగుసార్లు తప్పు చేశాను. మొదటిసారి నీళ్లు చల్లారిపోయి జిగురు అట్లే ఉంది. మరోసారి వేడెక్కువై మందు చచ్చిపోయింది. కాగితంలో మీరు రాసిందే, ఎక్కువ వేడికి అది పనిచేయదని.

అయిదోసారి చిలప బయటికి తీసి నీళ్లలో జాడించినప్పుడు జోగులమ్మ నా భుజం పట్టుకుంది. పట్టు చేతిలోంచి జారిపోతోంది మేడం. నీళ్లు పిండి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా కరకరమంది. మేం సబ్బు, సోడా వేసి గంటన్నర మరిగించినా ఆ మెరుపు రాదు. కట్టెలు మామూలుగా పట్టేదానిలో మూడో వంతు కూడా కాలలేదు. ఆ సాయంత్రం అన్నం కలుపుకుంటే వేళ్లు మండలేదు. పెళ్లైన ఇన్నేళ్లలో అట్లా తిన్నది గుర్తులేదు నాకు.

ఎవరికీ చెప్పకుండా ఆ పట్టును మామూలు దానితో కలిపి లింగయ్యకు పంపాను. చీర అంచు అయిపోయాక ఆయనే నడుచుకుంటూ వచ్చాడు. "ఈ పట్టు ఏడిది హసీనమ్మా? ఒక్క పోగు తెగలే. ఏం చేసినవ్ దీనికి?" అని అడిగాడు. ఉమ మేడం మందు అని చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని, "గా పిల్ల కండ్లల్ల నీళ్లు తెప్పించినం గదా" అని మాత్రం అని లేచి పోయాడు.

డబ్బాలో మిగిలిన మందు మరో ఆరుసార్లకు వచ్చింది. ఆరుసార్లూ బాగా వచ్చింది. మా వాడలో పట్టు ఉడకబెట్టే అయిదుగురు ఆడవాళ్లు వచ్చి కళ్లారా చూశారు. ఎప్పుడు ఎంత నీళ్లు, ఎంతసేపు, ఎట్లా వచ్చిందీ అంతా షబానా పాత నోటుపుస్తకంలో రాశాను. దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తప్పిన నాలుగుసార్లు కూడా రాశాను, దాచలేదు. చిన్న గుడ్డలో రెండు పట్టు పోగులు కట్టి పెట్టాను. ముడి ఉన్నది సోడాది, ముడి లేనిది మీది. మీరే లాగి చూడండి.

మందు అయిపోయింది మేడం. మాకు మళ్లీ కావాలి. అది మీకు తప్ప ఎవరికీ చేయడం రాదు. మీ సార్ దగ్గరికి ఒక్కసారి పోయి రండి. మళ్లీ బురద కావాలంటే కొట్టం వెనక కావలసినంత ఉంది. ఈసారి జోగులమ్మ తనే సీసాల్లో నింపి ఇస్తానంటోంది. మీరు వచ్చిన రోజు మా ఇంట్లోనే భోజనం.

మీ మేలు కోరే,
హసీనా

తా.క.: సంతకం పెట్టి, కాగితం మడిచి, మళ్లీ విప్పాను. మీ మందులో తప్పు లేదని ఎందుకో అనిపించిందని పైన రాశాను. అది నిజం కాదు. నాకు తెలుసు. ఆ ఫిబ్రవరిలో మీరు ఫోన్ చేయడానికి బజారుకు పోయినప్పుడు గంగాళంలో సోడా వేసింది నేనే. నీళ్లు మరగడం లేదు, నురగ లేదు. షావుకారు వచ్చేసరికి పట్టు మెత్తబడకపోతే మీ పరువు పోతుందని భయపడ్డాను. మామూలు కంటే ఎక్కువే, రెండు డబ్బాల సోడా వేసి మంట ఎగదోశాను. మీరు సందు మలుపులో కనబడగానే కట్టెలు లాగేసి చన్నీళ్లు పోశాను. మీకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను. మీరు తప్పు నాదే అన్నప్పుడు నోరు విప్పలేదు. విప్పితే మాకు పట్టు ఇవ్వడం మానేస్తారని భయం. పోయిన శుక్రవారం అదే కొట్టం ముందు, అదే మనుషులను పిలిచి, అంతా చెప్పేశాను. భయపడినట్టే షావుకారు పట్టు ఇవ్వడం ఆపేశాడు. బాసిత్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున లింగయ్య సొంత పట్టు భుజాన వేసుకొచ్చి, మేడం మందు వచ్చినంక ఉడకబెట్టు అని మా దూలానికి వేలాడదీసి పోయాడు. బాసిత్ దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాడు. ఈ కాగితం మీ సార్‌కు చూపించండి. నా పేరు కొట్టేయకండి.